జొహరాబీ అడిగిన మాట

ఆదోని,
4 ఆగస్టు 2024

మామూకీ, జొహరాబీ ముమానీకీ మీ నజ్మా సలాములు.

ఫోన్ చేస్తే తెర మీద నా పేరు వెలుగుతుంది గానీ నా గొంతు నీ చెవులకు అందదు కదా మామూ. అందుకే కాగితం తీశాను. ఇక్కడ వాన పడీ పడక ఊరిస్తోంది. పొద్దున్నే కొండ మీదికి దిగిన మబ్బు మధ్యాహ్నం దాకా లేవదు. మందులిచ్చేశాక మా వార్డు ఏ స్టేషనూ కాని చోట ఆగిపోయిన రైలులా ఉంటుంది. మంచాల మీద అందరూ కిటికీల వైపు తిరిగి, ఎప్పుడు కదులుతుందా అన్నట్టు చూస్తుంటారు.

ఒక మనిషి కోసం రాస్తున్నాను. పేరు సుంకులమ్మ. సి.బెళగల్ దగ్గర పల్లె. నువ్వు బొంతలు అమ్మడానికి పోయే దారిలోనే ఉంది. కూలికి పోయే మనిషి. రొమ్ములో గడ్డ. చెయ్యి ఎత్తితే పోటు పొడుస్తోందని, కలుపు తీయలేకపోతున్నానని మా దగ్గరికి వచ్చింది. పరీక్షలో చెడ్డ గడ్డ అని తేలింది. ఆపరేషన్‌కి రోజు పెట్టాం. ముందురోజు డాక్టర్ మహేంద్ర వచ్చి చెప్పాడు. ఆయనది గోదావరి వైపు. మంచివాడే, మాటే కొంచెం వేగం. “రేపు ఆపరేషన్ అయ్యేదాకా అన్నం తినకూడదమ్మా” అన్నాడు. ఆమె తల ఊపింది. నేనూ పక్కనే ఉన్నాను.

పొద్దున్నే థియేటర్‌కి తీసుకుపోబోతూ, ఏమైనా తిన్నావా అని అడిగాను.

“అన్నం ముట్టలేదమ్మా. జొన్నరొట్టె తిన్యా, ఊరిమిండి నంజుకోని” అంది.

మన పల్లెల్లో అన్నమంటే వరి అన్నమే కదా మామూ. ఆమె చెప్పినట్టే చేసింది. కానీ కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే, అది ఎగదన్ని ఊపిరికి అడ్డం పడవచ్చు. ప్రాణానికే ముప్పు. ఆ కారణం మాలో ఎవరమూ ఆమెకు చెప్పలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. డాక్టర్ అందరి ముందూ కసిరాడు. నేను ఇంకో మంచం దగ్గరికి పోయి వచ్చేసరికి ఆమె లేదు. దుప్పటి మడత పెట్టి వెళ్ళిపోయింది. ఆమె ఇచ్చిన ఫోన్ నంబరు అల్లుడిదట, మోగదు.

నువ్వు ఆ వైపు పోతే ఒకసారి కనపడు. గడ్డ మాట ఎవరి ముందూ ఎత్తొద్దు. నజ్మా సిస్టర్ మళ్ళీ రమ్మంది, ఎవరూ తిట్టరు అని చెబితే చాలు. నేనే పోదామంటే జ్వరాల కాలం, సెలవులన్నీ ఆపేశారు.

నిన్న పగటి నిద్రలో ఒక కల వచ్చింది. మా వార్డు మంచాలన్నీ పత్తి చేలో ఉన్నాయి. ప్రతి దిండు మీదా ఒక పసుపు పువ్వు. నేను సుంకులమ్మా అని పిలుస్తూ సాళ్ళ వెంట నడుస్తున్నాను. ఎవరూ తల తిప్పలేదు.

ముమానీ చేతుల్ని ముద్దు పెట్టుకుంటూ,
నజ్మా


ఎమ్మిగనూరు,
11 ఆగస్టు 2024

బేటీ నజ్మాకి మామూ దువా.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే మీ ముమానీని పక్కన కూర్చోబెట్టుకుని, మన ఇంటి ఉర్దూలోకి మార్చి చదివాను. తెలుగు ఆమెకు కూరగాయల దగ్గరికి, బియ్యం దగ్గరికి సరిపోయేంతే వస్తుంది. రొట్టె దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. ఆమె వెళ్ళిపోయిందని చదివితే నవ్వు ఆపేసింది.

బుధవారం పోయాను. బొంతలు ఇంకా భుజం మీదే ఉన్నాయి, చేను అడుగుతూ పోయాను. పత్తి పూత మీద ఉంది. నీ కలలో పూలు ఎట్లున్నాయో గానీ, పొద్దున పసుపుగా ఉన్నవి నేను చూస్తుండగానే ఎరుపు తిరిగినట్టు అనిపించాయి. నా లోకంలో సద్దు లేదు కదా, కళ్ళే అన్ని పనులూ చేస్తాయి.

సుంకులమ్మ గట్టు మీదికి వచ్చి కూర్చుంది. నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. నేను తల ఊపుతూ విన్నాను. చివరికి ముఖం విచ్చుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. కొంగులో ఉన్న బొరుగులు పెట్టింది. వస్తుంది బేటీ, నువ్వు దిగులు పడవద్దు.

మిల్లు నా చెవుల్ని తీసుకుంది గానీ కలల్ని వదిలేసింది. నిన్న కలలో ఆదోనిలో జిన్నింగు మిల్లు గేటు ముందు నిలబడి ఉన్నాను. లోపల యంత్రాలు ఆపేశారు. గాలిలో దూది తేలుతూ ఉంది. దూరంగా మీ ముమానీ నన్ను పిలిచింది, పెళ్ళినాటి గొంతుతో. స్పష్టంగా వినపడింది. లేచి చూస్తే పక్కనే సూది చేతిలో పట్టుకుని, కుట్టకుండా ఊరికే కూర్చుని ఉంది. ఈ మధ్య అట్లాగే ఉంటోంది. ఉక్కపోతకు అనుకుంటా.

దేవుడి నీడలో ఉండు.
ఖాదర్ వలి


ఆదోని,
18 ఆగస్టు 2024

మామూకి నజ్మా సలాం.

సుంకులమ్మ రాలేదు. నీ ఉత్తరం చూసి ఎంత సంతోషపడ్డానో, ఆమె మంచం వైపు చూసిన ప్రతిసారీ అంత భయం వేస్తోంది. ఇది ఆగే జబ్బు కాదు.

డాక్టర్ మహేంద్ర కూడా రోజూ రౌండ్స్‌కి రాగానే “ఆవిడ వచ్చారా?” అని అడుగుతున్నాడు. రొట్టె సంగతి ఆయనకు చెప్పాను. “మా వైపు అన్నం తిన్నావా అంటే భోజనం చేశావా అనే. ఇక్కడ వేరేలా అనుకుంటారని తోచలేదు సిస్టర్” అన్నాడు. ఇప్పుడు మంచం దగ్గర నిలబడి సంగటి, రొట్టె, బొరుగులు అని వరసగా చెబుతున్నాడు. సంగటి అనే మాట ఆయన నోట్లో ఇంకా కుదురుకోలేదు. ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

మామూ, సుంకులమ్మ నీతో ఏమన్నది? గుర్తున్నది గుర్తున్నట్టు మాటకు మాట రాయి. వస్తానని తన నోటితో చెప్పిందా?

ముమానీకి ఉక్కపోత అంటున్నావు. ఇక్కడ చల్లబడింది, అక్కడ ఎట్లా ఉందో. మజ్జిగ తాగమను.

నజ్మా


ఎమ్మిగనూరు,
27 ఆగస్టు 2024

బేటీ నజ్మా,

మాటకు మాట రాయమన్నావు. నా దగ్గర ఒక్క మాటా లేదు తల్లీ. ఆమె బుగ్గన ఆకువక్క ఉంది, పెదాలు అందలేదు. మీ ముమానీ పెదాలు తప్ప ఇంకెవరివీ నేను చదవలేను. అయినా మళ్ళీ మళ్ళీ చెప్పమంటే ఎదుటివాళ్ళు విసుక్కుంటారు. అందుకని అన్నిటికీ తల ఊపడం అలవాటైపోయింది. ఆమె ముఖం వెలిగింది కదా, పని అయిందనుకున్నాను.

ఈసారి మీ ముమానీని నా చెవులుగా వెంటబెట్టుకుపోయాను. గట్టు మీద వాళ్ళిద్దరూ కూర్చున్నారు. కొంచెం దూరంగా వేపచెట్టు నీడలో నేను. తర్వాత మీ ముమానీ నా ముందుకొచ్చి, ఒక్కొక్క మాటే పెదాలతో పలికి చెప్పింది. ఆరోజు సుంకులమ్మ నన్ను అడిగిందట, “కోయించుకోకపోయినా బతుకుతా గదా పెద్దాయనా?” అని. నేను తల ఊపాను. ఆసుపత్రి సిస్టర్ మామ, తెలిసినవాడు, ఆయనే బతుకుతావన్నాడు అని ధైర్యంగా కలుపు తీయను పోయింది.



మీ ముమానీ తన బజారు తెలుగులోనే ఆమెకు సర్ది చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను చూసింది ఇంతే. సుంకులమ్మ అటూ ఇటూ చూసి, మీ ముమానీ చెయ్యి పట్టుకుని తన పైట లోపలికి తీసుకుపోయింది. గడ్డ చూపించింది కాబోలు. మీ ముమానీ ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. గాలికి పత్తి ఆకులు తిరగబడి తెల్లగా మెరుస్తున్నాయి. ఆ తెలుపులో ఇద్దరూ నీళ్ళ మీద కూర్చున్నట్టు కనపడ్డారు. తర్వాత సుంకులమ్మ ఏడ్చింది. గురువారం తప్పకుండా వస్తుందట.

బస్సులో మీ ముమానీ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నా తల ఊపుడు మీద కోపం. కోపం ఉండాల్సిందే.

ఒక సంగతి నిన్ను అడుగుతూ రాయమంది. నొప్పి లేని గడ్డ అయితే ఏమీ కాదు కదా అని. నిన్న అడిగింది, ఈ పొద్దున రాశావా అని మళ్ళీ అడిగింది. ఆ మనిషి మీద జాలి పడుతోంది పాపం. జవాబు రాయి.

మీ మామూ


ఆదోని,
2 సెప్టెంబర్ 2024

మామూకీ ముమానీకీ సలాం.

సుంకులమ్మ వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఈ ముక్క ముందు ముమానీకి చదువు, మిగతాది తర్వాత.

ఈసారి డాక్టర్ స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. తినకూడనివన్నీ పేర్లు పెట్టి చెప్పాడు. తింటే ఏమవుతుందో చెప్పాడు. తర్వాత, “అమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంట్లో మీ బిడ్డ అడిగితే ఎట్లా చెబుతావో నాకు చెప్పు” అన్నాడు.

సుంకులమ్మ కాసేపు పైకి చూసి, పాఠం అప్పజెప్పినట్టు కాకుండా, పక్కింటామెకు చెప్పినట్టు చెప్పింది. “రొట్టె తినగూడదు, సంగటి తినగూడదు, బువ్వ తినగూడదు. టీ లేదు. పండుకున్నంక నీళ్ళు గూడ గొంతు దిగగూడదు. దిగితే మత్తులో అది ఊపిరికి అడ్డం పడతాది. అంతే గదా సారూ?” అని, కొంచెం ఆగి, “ఆకువక్క ఏసుకోవచ్చునా?” అంది.

డాక్టర్ నా వైపు చూశాడు. ఆ మాట మా ఇద్దరికీ తట్టలేదు. “అదీ వద్దమ్మా, మంచి మాట అడిగావు” అన్నాడు. ఇప్పుడు వార్డులో అందరినీ అట్లాగే అడుగుతున్నాం. పని నెమ్మదిగా సాగుతోంది గానీ, మంచాల మీదివాళ్ళు కిటికీల వైపు కాకుండా మా ముఖాల వైపు చూస్తున్నారు.

ఇక ముమానీ అడిగిన మాట. నొప్పి లేనంత మాత్రాన అది మంచి గడ్డ అని కాదు. చెడ్డ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు. అట్లాగని అన్ని గడ్డలూ చెడ్డవీ కావు. చూపిస్తేనే తెలుస్తుంది.

ఇంతవరకు రాసి కలం ఆపాను మామూ. సుంకులమ్మది నొప్పి పెట్టే గడ్డ. ఆ నొప్పి వల్లే ఆమె ఆసుపత్రికి వచ్చింది. గట్టు మీద ముమానీతో కూడా ఆ మాటే చెప్పి ఉంటుంది. మరి ముమానీ అడుగుతున్న నొప్పి లేని గడ్డ ఎవరిది?

ఇక్కడ చదవడం ఆపు. కాగితం పక్కన పెట్టు. ఆమె ముఖం నీ వైపు తిప్పుకుని అడుగు.

నజ్మా


ఎమ్మిగనూరు,
5 సెప్టెంబర్ 2024

నజ్మా,

అడిగాను.

సూది బొంతలో గుచ్చి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. “మేరా” అంది. నాదే అని.

రంజాన్ అయిన కొత్తలోనే తెలిసిందట, స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. ఆ మధ్యాహ్నమే నాతో చెప్పానంటుంది. బొంతకు ఆ కొస ఆమె, ఈ కొస నేను కుడుతున్నాం. సిగ్గుతో తల వంచుకుని చెప్పిందట. ఆమె పెదాలు కదలడం నాకు కనపడలేదు. తల మాత్రం ఊపానట. ఈయనకు తెలుసు, తెలిసీ ఏమీ అనలేదంటే ఏమీ కాదనేగా అనుకుంది. అప్పటి నుంచీ మళ్ళీ ఎత్తలేదు. నేనేమో ఉక్కపోత అనుకున్నాను, కోపం అనుకున్నాను.

పత్తి చేలో సుంకులమ్మ గడ్డ మీద చెయ్యి పెట్టినప్పుడు, ఆ గట్టిదనం తన వేళ్ళకు ముందే తెలుసట.

రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాం. ఈ ఉత్తరం నీకు మా తర్వాత అందుతుందేమో. అయినా రాయకుండా కూర్చోలేకపోయాను.

మామూ


ఆదోని,
3 నవంబర్ 2024

కర్నూలులో ఉన్న నా ఇద్దరికీ సలాం.

ముమానీ ఆపరేషన్ రోజు అక్కడికి వచ్చి మీ దగ్గర ఉన్నాను గానీ, నాలుగు మాటలు తీరిగ్గా చెప్పలేకపోయాను. మళ్ళీ చెబుతున్నాను. గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది. చంకలోకి పాకలేదు. ఇప్పుడు ఎక్కించే మందు మిగిలిపోయిన దాన్ని వెతకడానికి. జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది. నోరు పూస్తుంది, వాంతి వస్తుంది, అవి తగ్గుతాయి. జ్వరం మాత్రం వేరు. ఒళ్ళు వెచ్చబడితే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దు, తెల్లారనీ అని ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి పోయి, మందు ఎక్కించుకుంటున్న మనిషికి జ్వరం వచ్చింది అని అదే మాట చెప్పాలి.

మామూ, దీన్ని ముమానీకి చదివాక, ఆమెను నీకు తిరిగి చెప్పమను. తర్వాత నువ్వు ఆమెకు తిరిగి చెప్పు.

సుంకులమ్మ కోసిన చోటు చూపించుకోవడానికి వచ్చింది. “ఆ సాయిబుల అక్క ఎట్లుంది?” అని ముమానీ గురించే అడిగింది. ముమానీ తనతో గట్టు మీద ఏం చెప్పిందో నాకు చెప్పింది. “నాకు నీ మాటలు తక్కవ వస్తాయి సెల్లీ. కానీ నువ్వు సచ్చిపోతే నాకు దుఃఖం అయితాది” అన్నదట. సుంకులమ్మ వచ్చింది ఆ మాటకట.

ఇక్కడ పత్తి బండ్లు మార్కెట్‌కి వరస కట్టాయి. రోడ్డు అంచున చెట్లకు, తీగలకు, మా ఆసుపత్రి గ్రిల్లుకు కూడా దూది. డ్యూటీ దిగి పోతుంటే ఊరు తనను తాను మరిచిపోయి మంచు కురిసే చోటికి పోయినట్టు ఉంటుంది. మిమ్మల్ని తలుచుకుంటూ నడుస్తాను.

నజ్మా


ఎమ్మిగనూరు,
20 ఏప్రిల్ 2025

బేటీ నజ్మాకి,

ఇంటికొచ్చాం. మందు అయిపోయింది, కరెంటూ అయిపోయింది, అదే రేడియేషన్. ఇక మాత్రలు, అప్పుడప్పుడు చూపించుకోవడం. ఇప్పటికైతే ఎక్కడా ఏమీ కనపడలేదని డాక్టరమ్మ చెప్పింది. “ఇప్పటికైతే” అనే మాట కూడా మేమిద్దరం సరిగ్గానే అర్థం చేసుకున్నాం.

అక్కడ మేమెట్లా గడిపామో నీకు రాయలేదు. మీ ముమానీకి వినపడుతుంది, డాక్టర్ల తెలుగు అర్థం కాదు. నాకు అర్థమవుతుంది, వినపడదు. అందుకని డాక్టరమ్మ ఏం చెప్పినా ఆమె ఆ చప్పుడును చప్పుడుగానే పట్టుకుని, నా వైపు తిరిగి పెదాలతో పలికేది. నేను ఆ పెదాల్లోంచి తెలుగు ఏరుకుని, మన మాటలో ఆమెకు తిరిగి చెప్పేవాణ్ణి. మొదట్లో డాక్టరమ్మకు వింతగా ఉండేది. తర్వాత మేము ముగించేదాకా కలం కింద పెట్టి కూర్చునేది.

మూడోసారి మందు ఎక్కించాక జ్వరం వచ్చింది. మీ ముమానీ నన్ను తట్టి లేపి, తనే చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడింది. నాకంటే ముందు తనే ఆసుపత్రిలో చెప్పేసింది. “మందు ఎక్కించుకునే మనిషి. జొరం వచ్చింది” అని. వెంటనే చేర్చుకున్నారు. ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని తర్వాత చెప్పారు.

మీ ముమానీ ఒక్కసారే వెళ్ళిపోతానంది. ఇక కరెంటు పెట్టాలి అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాట మీ ముమానీకి నా సాయం లేకుండానే అర్థమైంది. లేచి సంచీ తీసుకుంది. పోయిన వానాకాలం మన వీధిలో తెగిన తీగ తగిలి బర్రె చచ్చింది చూడు, అది ఆమె కళ్ళలో ఆడింది. నేను అడిగాను, “అమ్మా, తీగలు తగిలిస్తారా? నాకూ అర్థం కాలేదు” అని. డాక్టరమ్మ మమ్మల్ని ఆ గదిలోకి తీసుకుపోయింది. యంత్రం కింద తన చెయ్యి పెట్టి చూపించింది. “తీగ ఉండదు, షాక్ కొట్టదు. కంటికి కనపడని ఎండ లాంటిది అనుకోండి. గడ్డ ఉన్న చోట మాత్రమే పడుతుంది” అంది. మీ ముమానీ ఆ పెద్ద తెల్లటి యంత్రాన్ని చాలాసేపు చూసి “ధూప్” అంది. ఎండ అని. ఆ తర్వాత రోజూ ఆ గదిలోకి పోయేటప్పుడు, డాబా మీదికి పోతున్నట్టు, ఎండకు పోయి వస్తానని చెప్పి పోయేది. నేను బయట బెంచీ మీద కూర్చుని, తలుపు వెనక ఆమె ఒక్కతే వెలుతురులో పడుకుని ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి.

నిన్న పొద్దున్నే బస్సెక్కాం. తల మీద కొత్త జుట్టు మొలిచింది, నెమలి పిల్ల మీది నూగులా ఉంది. ముసుగు కొంచెం జారినా సర్దుకోలేదు. గూడూరు దాటాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దుక్కి దున్నిన చేలు, ఆ మట్టి మీద లేత ఎండ. బస్సు ఊగుతోంది. నాకు ఏ చప్పుడూ లేదు, అంతా నీళ్ళ అడుగున పోతున్నట్టు ఉంది.

ఇంతలో ఆమె పెదాలు కదిలాయి. కలలో మాట్లాడుతోంది. నేను వంగి చూశాను. మన మాట కాదు, తెలుగు. వంకాయల దగ్గర ఎవరితోనో బేరమాడుతోంది. పుచ్చులున్నాయి, లేతవి చూసి ఎయ్యి, కొసరు ఎయ్యి అంటోంది. గట్టిగానే అంటున్నట్టుంది, ముందు సీటులో ఆడమనిషి వెనక్కి తిరిగి చూసి నవ్వింది. నేను ముసుగు సర్ది, బేరం తెగేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఇద్దరి దువాలతో,
ఖాదర్ వలి